ఎందుకు ఎత్తలేదు?

బుధవారం ఉదయం లక్ష్మిప్రసన్న వచ్చి కుర్చీలో కూర్చునేసరికి, ఆమె చేతిలోని ప్లాస్టిక్ సంచి నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా నేల మీద పడుతున్నాయి.

"చచ్చిపోయిన మనిషి సామాన్లు మా గుమ్మానికి వస్తున్నాయండీ," అంది.

ప్రైవేటు డిటెక్టివ్ శ్రీనివాసరాజు ఆమెకు మంచినీళ్ల గ్లాసు అందించి, చెప్పమన్నట్టు చూశాడు. ఆయన ఊరికే అలా చూస్తే చాలు, ఎవరైనా నోరు విప్పుతారని అసిస్టెంటు సత్యశ్రీ నమ్మకం.

లక్ష్మిప్రసన్న ఈ గల్ఫ్ దేశంలోనే రిఫా అనే ఊళ్లో ఒక క్లినిక్‌లో నర్సు. అక్కడే పనిచేసే విజయరాణి, స్వర్ణలతో కలిసి ఒకే ఫ్లాట్‌లో ఉండేది. రెండు నెలల కిందట ఆమే, విజయరాణీ భుజాన బ్యాగులు తగిలించుకుని చిలీ దేశంలోని వల్పరాయిసో అనే రేవు పట్నానికి వెళ్లారు. కొండల నిండా రంగురంగుల ఇళ్లు, వీధి వీధినా పాటలు, డప్పులు. పదో రోజు సాయంత్రం విజయరాణి సముద్రంలో మునిగిపోయింది. రెండు రోజులకు శవం దొరికింది. బ్యాగు దొరకలేదు.

"మూడు వారాల నుంచి ప్రతి మంగళవారం సాయంత్రం ఏదో ఒకటి వస్తోందండీ. ముందు ఎర్ర టోపీ. తర్వాత ఒక చెప్పు. నిన్న ఇది. తలుపు గొళ్లేనికి వేలాడుతూ, ఉప్పునీళ్లు కారుతూ."

సంచిలోంచి నీలం రంగు బ్యాగు బయటికి వచ్చింది. ఎడమ పట్టీ మీద గుడ్డతో కుట్టిన పసుపుపచ్చ పిట్ట. లోపల తడిసిన కాగితం. సిరా కరిగి పాకినా రెండు మాటలు చదవగలిగేలా ఉన్నాయి: 'ఎందుకు ఎత్తలేదు?'

సత్యశ్రీ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"రాళ్ల మీద ఇద్దరం నిలబడి ఉన్నామండీ. కెరటం లాగేస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. పైకి ఎత్తలేకపోయాను," అంది లక్ష్మిప్రసన్న. "అదే అడుగుతోంది."

ఫోనులో విజయరాణి ఆ ఊళ్లో తీసుకుని తనకూ స్వర్ణకూ పంపిన సెల్ఫీ చూపించింది. ఎర్ర టోపీ, నీలం బ్యాగు, పసుపుపచ్చ పిట్ట, నవ్వు. వెనక దుకాణం బోర్డు మీద అక్షరాలు సత్యశ్రీకి ఒక్కటీ అంతుపట్టలేదు. స్పానిష్ కాబోలనుకుని వదిలేసింది. శ్రీనివాసరాజు మాత్రం ఆ బోర్డునే చాలాసేపు చూశాడు. తర్వాత బ్యాగును వాసన చూసి, "ముడిచమురు," అన్నాడు.

విజయరాణి అన్న పరమేశ్ సముద్రం ఒడ్డున చమురు ట్యాంకులుండే సిత్రాలో, కూలీల క్యాంపులో ఉంటాడు. కారు దిగగానే గాలిలో అదే వాసన. ఇంకేముంది, దొరికాడనుకుంది సత్యశ్రీ.

"బ్యాగు మీద పిట్టను ఎవరు కుట్టారు?" అడిగాడు శ్రీనివాసరాజు.

"నేనే సార్. పోయే ముందురోజు కొన్నది బ్యాగు. మా చెల్లెకు కుడి భుజం నొస్తది. ఆ పట్టీకి మెత్త పెట్టి, మీద పిట్టను కుట్టిన. ఎయిర్‌పోర్టు దాంక నేనే మోసిన."

"ప్రసన్న మీద కోపముందా?"

"ఎందుకుంటది సార్? ఆఖరుకు దాని చెయ్యి పట్టుకున్నది ఆమెనే. మమ్ముల కన్న మా అవ్వ గా మాట మీదనే బతుకుతున్నది."

అక్కణ్ణుంచి క్లినిక్‌కు వెళ్లారు. స్వర్ణ మందుల బీరువా సర్దుతోంది.

"వాళ్లు బయల్దేరినప్పుడు మీరెక్కడున్నారు?"

"జగిత్యాలల. లీవు మీద. వాళ్లు పోయినంక రెండు దినాలకు వచ్చిన."

"మంగళవారాలు మీ డ్యూటీ?"

"సిత్రా క్యాంపులల్ల చెకప్‌లు."

"విజయరాణే వస్తోందంటారా?"

స్వర్ణ చెయ్యి ఆగింది. "వస్తే మంచిగుండు సార్," అంది మెల్లగా.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురినీ ఫ్లాట్‌లో కూర్చోబెట్టాడు శ్రీనివాసరాజు. కిటికీ అవతల ఎండ మండుతున్నా, బల్ల మీది బ్యాగును చూడ్డానికి ఎవరూ ఇష్టపడలేదు.

ఆయన సెల్ఫీని గోడ అద్దానికి ఎదురుగా పట్టాడు. అద్దంలో బోర్డు మీది అక్షరాలు తిరగబడి, సరిగ్గా చదవగలిగేలా కనబడ్డాయి.

"ఈ ఫొటోలో కుడి ఎడమలు తారుమారయ్యాయి. పిట్ట నిజంగా ఉన్నది కుడి పట్టీ మీద. దాన్ని కుట్టిన పరమేశ్‌కు అది తెలుసు. పది రోజులు పక్కన నడిచిన ప్రసన్నకూ తెలుసు, భయంలో గమనించలేదంతే. ఈ బ్యాగు చేసిన మనిషి అసలు బ్యాగును ఎన్నడూ చూడలేదు. ఫొటో చూసి ఎడమ పట్టీకి కుట్టింది. మంగళవారం సిత్రా ఒడ్డున నీళ్లలో ముంచి తెచ్చింది. అవునా, స్వర్ణా?"

స్వర్ణ తల దించలేదు. "అవును సార్. నేనే."

"ఎందుకే?" లక్ష్మిప్రసన్న లేచి నిలబడింది. "నేనేం చేశాను నీకు?"

"దానికి కాగితమే జవాబు," అన్నాడు శ్రీనివాసరాజు. "చెయ్యి పట్టి లాగినా రక్షించలేకపోయిన మనిషిని 'ఎందుకు ఎత్తలేదు' అని అడగరు. చేతనై కూడా చెయ్యనివాళ్లను అడిగే ప్రశ్న అది. మనం రోజూ ఎత్తేది, ఎత్తకుండా వదిలేసేది ఒకటుంది. ఫోను. ప్రసన్నగారూ, మీరు ఆ రాళ్ల మీద లేరు కదూ?"

లక్ష్మిప్రసన్న మెల్లగా కూలబడింది.

"పొద్దున గొడవపడ్డాం. తను సముద్రం దగ్గరికి పోయింది, నేను డప్పుల దగ్గర గుంపులో డాన్సు చేస్తున్నాను. తన పేరు కనబడింది. మళ్లీ మళ్లీ చేసింది. బతిమాలడానికే అనుకుని ఫోను బ్యాగులో పడేశాను... చెయ్యి పట్టుకున్నానని ఎందుకన్నానో తెలీదండీ. వాళ్లమ్మగారు అలా ఏడుస్తుంటే నోట్లోంచి వచ్చేసింది. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను."

"నీకెట్ల ఎర్కైంది?" పరమేశ్ స్వర్ణను అడిగాడు.

"నువ్వు ఎత్తుతలేవని నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది," స్వర్ణ లక్ష్మిప్రసన్న వైపే చూస్తూ అంది. "నేను డ్యూటీల ఉన్న. ఆలస్యంగ విన్న. నువ్వే చెప్తవని ఎదురుచూసిన, చెప్పలే. నా నోటితోని చెప్పబుద్ధి కాలే."

పరమేశ్ బల్ల మీది బ్యాగును పక్కకు నెట్టాడు.

"మా అవ్వకు నేనే చెప్త," అన్నాడు లక్ష్మిప్రసన్నతో. "నువ్వు ఇగ ఆమెకు ఫోన్ చెయ్యకు." స్వర్ణ వైపు తిరిగాడు. "అది పెట్టు. వింట."

స్వర్ణ ఫోను బల్ల మీద పెట్టింది. గాలి హోరు. దాని మీదుగా విజయరాణి గొంతు, ఆయాసపడుతూ: "స్వర్ణా, ప్రసన్న ఎత్తుతలేదే. నీళ్లు రాళ్ల మీదికి వస్తున్నయి. ఎటు దిగాల్నో తెలుస్తలేదు..." తర్వాత మాటలు లేవు. విరిగిపడే కెరటాల చప్పుడు, చాలాసేపు.

సత్యశ్రీ ముఖం తిప్పుకుంది. ఆ చప్పుడు ఆగిపోయాక పరమేశ్ ముందుకు వంగాడు.

"మల్లొకసారి పెట్టు," అన్నాడు.