క్లచ్ మీద కాలు

“శబ్దం కారులో లేదండీ, మీ చెవుల్లో ఉంది” అన్నాడు డాక్టరు.

అతను నిజం డాక్టరేమీ కాదు. పాత కార్లు బాగుచేసే షెడ్డు అతనిది. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ, రెండో కొస చెవికీ ఆనించి రోగం చెప్పేస్తాడని జనం ఆ పేరు పెట్టారు. పేరొచ్చాక తల కాస్త బిరుసెక్కడం మామూలే కదా.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి లెక్కల టీచరు. ఆమె వెనకాల యాభై ఏళ్ళనాటి ఆకుపచ్చ కారు. దాని వెనక సీట్లో పేపరు చదువుకుంటూ, కారుకన్నా పాతికేళ్ళు పెద్దవాడైన తాతయ్య. గేరుబాక్సు అరిగిపోతే, అలాంటి మరో కారులోది సంపాదించి పది రోజుల కిందట డాక్టరే మార్చాడు. అప్పట్నుంచీ కారు పిచ్చుకలా కిచకిచమంటోందని ఆమె ఫిర్యాదు. చిత్రం ఏమిటంటే, డాక్టరు నడిపితే మాత్రం అది కిమ్మనదు.

ఆమె రావడం ఇది మూడోసారి. డాక్టరు మనసులో ఓ అనుమానం మొలిచింది. నిజానికి అనుమానం కాదు, ఆశ. ఆమె వస్తుందేమోనని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నవాడు, ఆమె కూడా తనకోసమే వస్తోందనుకోకుండా ఎలా ఉంటాడు? అనుకుని ఊరుకున్నా బాగుండేది.

“ఊరికే రావాలనిపించినా రావచ్చండీ. శబ్దం వంక అక్కర్లేదు” అనేశాడు.

వెనక సీట్లో పేపరు రెండంగుళాలు కిందికి దిగింది. ఆమె మొహం ఎర్రబడింది, సిగ్గుతో మాత్రం కాదు. ఆ కూత భరించలేక తాతయ్య కారు అమ్మేస్తానంటున్నాడనీ, ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తున్నాడనీ గడగడా చెప్పింది. తను తాతయ్య పక్కన కూర్చుని స్టీరింగు పట్టడం నేర్చింది ఈ కారులోనే. ఇది పోతే ఆయన గడప దాటడు. “వంకలు పెట్టుకు తిరిగే తీరిక నాకు లేదు” అంది చివర్న.

డాక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

“మూడుసార్లూ మీరు నడిపితే శబ్దం రాలేదు, నేను నడిపితే వచ్చింది. కారు అదే, రోడ్డు అదే. తేడా మనిషిలోనే ఉండాలి. మళ్ళీ నడపండి” అంటూ ఆమె పక్క సీట్లో కూర్చుంది.

నడిపాడు. చెవులు ఇంజను మీదే పెట్టాడు. ఆమె రోడ్డు చూడలేదు, కిందికి చూస్తూ కూర్చుంది. రెండు వీధులు తిరిగి షెడ్డులోకి వచ్చాక, “మీ ఎడమ కాలు ఎక్కడుందో చూసుకోండి” అంది.

క్లచ్ మీదుంది. నొక్కలేదు, ఊరికే ఆనుకుని ఉంది. తీశాడు. కిచకిచ. మళ్ళీ ఆనించాడు. గప్‌చుప్.

ఆమె వేలెత్తి గోడ చూపించింది. ‘క్లచ్ మీద కాలు ఆనించి నడపరాదు’ అని అతని చేత్తోనే రాసిన బోర్డు. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి క్లాసు పీకడం అతనికి అలవాటు.

“ఆ బోర్డు చదివిన రోజునుంచీ నేను కాలు కిందే పెడుతున్నాను” అంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ చెప్పినవాడే లోకువైపోయాడు. క్లచ్ వదిలాక లోపలి బేరింగును వెనక్కి లాగిపట్టే చిన్న స్ప్రింగు ఒకటుంటుంది. అది లేక బేరింగు రాసుకుంటూ కూస్తోంది, కాలు ఆనితే అణిగి ఊరుకుంటోంది. వెతకబోతే ఆ స్ప్రింగు బల్లకింద పడేసిన పాత గేరుబాక్సుకే వేలాడుతోంది. మార్చేటప్పుడు తియ్యడం మరిచింది డాక్టరే.

స్ప్రింగు చేతిలో పట్టుకుని తలొంచుకున్నాడు. “తప్పు నాదేనండీ. ఆ రోజు మీరు ఆ స్టూలు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నా చూపు పనిమీద లేదు. ఇందాక వంక అని నేనన్న మాట కూడా మీకు వర్తించదు, నాకే. వంక కోసం కాచుక్కూర్చున్నది నేనే.”

అరగంటలో స్ప్రింగు తగిలించాడు. కారు చడీచప్పుడూ లేకుండా వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చినాయన్ని తాతయ్య వీధి గుమ్మంలోంచే పంపేశాడని ఎవరో చెప్పగా విని డాక్టరు సంతోషించాడు. వెంటనే దిగులూ పట్టుకుంది. శబ్దమే లేకపోయాక ఆమె ఇటెందుకు వస్తుంది? చేజేతులా బాగుచేసి కూర్చున్నాడు.

బుధవారం సాయంత్రం ఆకుపచ్చ కారు వచ్చి షెడ్డుముందు ఆగింది.

“మళ్ళీ శబ్దం” అంది ఆమె, పక్క సీట్లోకి జరుగుతూ. వెనకాల తాతయ్య, ఆయన పేపరు.

డాక్టరు నడిపాడు. ఎడమ కాలు బుద్ధిగా కిందే పెట్టాడు. రెండు వీధులు, మూడు వీధులు. చిన్న చప్పుడైనా లేదు. ఓరగా చూస్తే ఆమె మహా గంభీరంగా కిటికీలోంచి చూస్తోంది.

“వినిపించిందా?” అంది.

“బాగా వినిపించింది. ఒక్కరోజులో పోయే జబ్బు కాదండీ. వారం వారం తీసుకురావాలి.”

తాతయ్య పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. “అమ్మడూ, నా చెవులు ఇంకా లక్షణంగా ఉన్నాయి. కారులో ఏ శబ్దమూ లేదు. ఈ ఆదివారం అబ్బాయిని అమ్మానాన్నలతో మనింటికి రమ్మను. ఏ వంకా లేకుండా.”

డాక్టరు ఎడమ కాలు తనకు తెలియకుండానే క్లచ్ మీదికి పోయింది.

“కాలు” అంది ఆమె, నవ్వాపుకుంటూ.