ఐదు నిమిషాలు అమ్ముకున్న ఏజెంట్

"ఆళ్లగడ్డలో ఉచిత గుండె క్యాంపు. జన్యువులు చదివి ఎవరికి గుండెజబ్బు ముప్పుందో చెబుతారట." నంద్యాల గెస్ట్‌హౌస్‌లో చీఫ్ గొంతు తగ్గించాడు. "అదంతా నాటకం. నాలుగొందల మంది రక్తం దొంగచాటుగా విదేశాలకు అమ్ముతున్నారు. లోపలున్న డాక్టర్ లూదియా మన మనిషే. రక్తం సీసాల పెట్టె మాత్రం ఊరు దాటకూడదు."

అది 2004. ఏజెంట్ సుందరరాజు ఖాకీ చొక్కా తొడిగి క్యాంపు జీపు డ్రైవరయ్యాడు. గుండీలో కెమెరా. అహోబిలం కొండల్లోని చెంచుగూడెం జనాన్ని తానే తోలుకొచ్చాడు.

ఈదమ్మ అనే ముసలామె కాగితం మీద వేలిముద్ర వేస్తూ అడిగింది. "మా కొడుకు మల్లన్న రొమ్ము పట్టుకొని కూలబడతాండాడు. దీంతో నయమైతాదా నాయనా?"

"అయితాదిలే అవ్వా," అన్నాడు, ఎటో చూస్తూ.

చీఫ్‌కి చెప్పని సంగతి ఒకటుంది. సుందరరాజు తండ్రీ, అన్నా నలభై దాటకుండానే గుండెపోటుతో పోయారు. అతనికిప్పుడు ముప్పై ఎనిమిది. అందుకే దొంగ పేరుతో తన రక్తమూ ఇచ్చాడు.

చివరి రోజు మధ్యాహ్నం పెట్టెకు కాపలా ఉన్న అతన్ని లూదియా లోపలికి పిలిచింది. చేతిలో కవరు. "మీ రిపోర్టు వచ్చింది. ఐదు నిమిషాలు కూర్చోండి, చెబుతాను."

కూర్చున్నాడు.

బయట వ్యాను కదిలిన చప్పుడైంది. తలెత్తితే తమ మనిషనుకున్న ఆమె చేతిలో పిస్టల్! బల్ల తన్ని, పిస్టల్ లాక్కుని, ఆమెను కిటికీ ఊచకు బేడీ వేసి, కవరు జేబులో కుక్కి జీపెక్కాడు. పెట్టె అడుగున తాను దాచిన ట్రాన్స్‌మిటర్ డోన్ వైపు దారి చూపింది. అక్కడి స్టేషన్‌లో రైలు కదులుతుండగా బోగీలోకి దూకి, పెట్టె పట్టుకుపోతున్న ఇద్దరినీ పట్టాడు.

పెట్టెలో అతని రక్తం సీసా సీలు విప్పకుండానే ఉంది, అసలు పరీక్షే చేయలేదు. కవరు చించాడు. అచ్చేసిన ఒకే మాట: నార్మల్. ఈ కాగితం కోసమా తాను కాపలా వదిలేసింది!

ఫోన్‌లో చీఫ్ దగ్గర అంతా ఒప్పుకుని, గూడెం వెళ్లాడు.

"మల్లన్న కాగితం యాడ?" అంది ఈదమ్మ.

"లేదవ్వా. నీకు అబద్ధం చెప్పినా."

"ఆ పొద్దే తెలుసు. నా మొగం చూడకుండా చెప్తివి. ఇప్పుడేం చేస్తావ్?"

అతను మల్లన్నను ఎత్తి జీపులో పడుకోబెట్టాడు. కొండ దిగి పెద్దరోడ్డెక్కగానే ఫోన్ మోగింది.

"సుందరరాజూ, ఎక్కడున్నావ్? సస్పెన్షన్ ఆర్డర్ టైపవుతోంది."

"నంద్యాల పెద్దాసుపత్రికి పంపండి సార్. ఓపీ క్యూలో ఉంటాను."