ఐదు కిలోల జాగ

రెయిన్‌కోటు కుక్కుదామని బ్యాగు జిప్పు తీసిన వందనకు బట్టల అడుగున ఐదు కిలోల ఇనుప తూకం రాయి చేతికి తగిలింది.

రెండు చేతులతో దాన్ని పైకి తీసింది.

జగిత్యాలలో వాన దంచుతోంది. ట్రావెల్ ఆఫీసు ముందు వ్యాన్ సిద్ధంగా ఉంది. ముందు హైదరాబాద్, తర్వాత కోస్టారికా. అక్కడ చివరి మజిలీకి రోడ్డే లేదు. వానల అడవికీ సముద్రానికీ మధ్య గడ్డి రన్‌వే మీద చిన్న విమానంలో దిగాల్సిందే. ఆ విమానం ఎక్కే ముందు మనిషినీ బ్యాగునూ కలిపి తూస్తారు. బరువు ఎక్కువైతే ఒకరు ఆగిపోవాలి.

వందన సిరిసిల్లలో జువాలజీ లెక్చరర్. పర్యాటకులకు పక్షులను చూపించడానికి వెళ్తోంది. ఇంతవరకు ఏ విమానమూ ఎక్కలేదు. ఈ సీటు పోతే మళ్లీ ఎవరు పిలుస్తారు?

ఆ లెక్క ముందే పంపాలని నిన్న మార్కెట్ యార్డులో మక్కల బస్తాలు తూచే కాంటా మీద అందరినీ బ్యాగులతో సహా నిలబెట్టారు. ఆమె బరువు అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. గ్రూప్ లీడర్ నవీన్ దాన్ని గట్టిగా చదివాడు.

"మైకు తెచ్చుకోకపోయినవా?" కస్సుమంది వందన.

"మక్కలు ఎన్నడు గింత కోపం చెయ్యలే మేడం."

మొన్న తిన్న బిర్యానీనే తప్పుపట్టింది. తీరా చూస్తే ఇదన్నమాట!

నవీన్‌తో గొడవ అంతకుముందే మొదలైంది. ఆమె టెలిస్కోపు స్టాండుతో కలిపి ఐదు కిలోలు. అది లేకుండా అంతెత్తు చెట్ల కొసన పక్షులు కనబడవు. "మీ వంతు బరువు దాటుతది. నా వంతుల పెడ్త, ఇయ్యుండ్రి" అన్నాడతను. "నాకు ఎవరి మెహర్బానీ వద్దు" అంది. టెలిస్కోపు ఇంట్లోనే ఉండిపోయింది.

ఎవరైనా ఆగిపోతే ఆ సీటు ఆఫీసు ఓనర్ జీవన్ బామ్మర్దికేనని ఎవరో అనుకోవడం ఆమె విన్నది. వందన రాయి పట్టుకొని నేరుగా జీవన్ గదిలోకి వెళ్లింది.

"సార్, మీ బామ్మర్దికి సీటు కావాల్నంటే నోటితోని అడగాలె. నా బ్యాగుల రాళ్లు పెట్టుడేంది?"

జీవన్ చేతిలో చాయ్ తొణికింది. "గా రాయేందో నాకెర్కలేదు తల్లీ! మా బామ్మర్ది ఉయ్యాల ఊగితేనే వాంతులు చేస్కుంటడు. చిన్న విమానం అనంగనే దుప్పటి కప్పుకొని పండిండు."

"మరి బరువెక్కువైందని నన్ను ఆపరా?"

"ఎందుకాపుతరు? విమానమోళ్లకు అందరిది కలిపి ఎంతనేదే లెక్క. అది మనం ముందు రాసిచ్చినదానికంటే పెరగలే. నిన్ననే ఓకే అన్నరు."

వందన ఆగిపోయింది. తన బరువు ఐదు కిలోలు పెరిగింది. అయినా మొత్తం పెరగలేదు. అంటే ఇంకెవరిదో తగ్గింది.

రాయిని వెలుతురుకు తిప్పింది. గీతల మధ్య పచ్చటి పొడి. వాసన చూసింది. పసుపు. కోరుట్లలో పసుపు దుకాణం కాంటా దగ్గర పని చేసేది నవీన్ తండ్రి రాజలింగం.

బయట నవీన్ తడుస్తూ బ్యాగులు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఆమె అతని బ్యాగు అందుకుంది. దిండు గలేబులా తేలిపోయింది. లోపల ఒక అంగీ, తువ్వాల, టూత్‌బ్రష్.

"పది రోజులకు గివేనా?"

"అడివిల మన బట్టలు ఎవరు చూస్తరు మేడం? కోతులేగా."

"మరి గిదేంది?" రాయి ముందుకు చాపింది.

నవీన్ రాయినీ, వాననూ, మళ్లీ రాయినీ చూశాడు. తప్పించుకునే దారి లేదు.

"మీ నాయిన కాంటా కాడిదేనా?"

తలూపాడు.

"నా సీటు పోయిందనుకొని పాణం పోయినంత పనైంది. మేడం గీడం బంద్ చేసి నిజం చెప్పు. నువ్వేనా?"

కోపంగానే అడగాలనుకుంది. పెదవులు మాట వినలేదు. నవీన్ మొహం మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు.

"నేనే పెట్టిన, నిన్న తూకానికి బ్యాగులు దించేటప్పుడు. అడిగితే నువ్వు ఒప్పుకోవు. గందుకే నా బట్టలు ఇంట్ల తీసిపెట్టి, గా ఐదు కిలోలు నీ దాంట్ల తూపించిన. నీ టెలిస్కోపుకు జాగ పట్టి ఉంచిన, గంతే. దార్ల సిరిసిల్ల బస్టాండ్ కాడ మీ నాయిన దాన్ని పట్టుకొని నిలవడి ఉంటడు. రాయి తీసి అది పెట్టుకో. నిన్న ఫోన్ చేస్తే, 'మా బిడ్డ కోసం గింత చేస్తున్నవ్, నువ్వు ఆమెకు ఏమైతవ్ పిల్లగా?' అని అడిగిండు. 'ఆమెనే అడిగి, సిరిసిల్లల దిగి చెప్త' అన్న. నవ్వుతున్నవ్ గని, నీ నవ్వు మోస్కపోయి ఆయనకు చూపెట్టలేను గద. ఏమైత అని చెప్పాలె, వందనా?"