ప్రాస తప్పిన పాదం

రేడియోలో ఉదయ పద్యం అయిపోయింది. విన్నవాళ్ళ కప్పుల్లో టీ ఇంకా చల్లారలేదు. ఓడరేవు రెండో గేటు దగ్గర నేవీ ఇంజనీర్ కారు దిగాడు, దిగిన చోటే కుప్పకూలాడు. సైలెన్సర్ పిస్టల్, ఒకటే బుల్లెట్. అంతకుముందు మొదటి గేటు దగ్గర ఒక డ్రాఫ్ట్స్‌మన్ కూడా అచ్చం ఇలాగే పోయాడు.

"రేవుకి నాలుగు గేట్లు," అన్నాడు చీఫ్. "ఎవరు ఏ గేటులోంచి వెళ్ళాలో పొద్దున్న నిర్ణయిస్తాం. అయినా హంతకుడు మనకంటే ముందే వచ్చి నిలబడుతున్నాడు. వైర్‌లెస్ అంతా జల్లెడ పట్టాం. ఏమీ దొరకలేదు. రేపు సబ్‌మెరైన్ డిజైన్ చేసిన డాక్టర్ వెళ్తున్నాడు. ఆయన పోతే అంతా పోయినట్టే."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో 'చెవి' అంటారు. గోడ అవతల నడిచేవాడి చెప్పులు కొత్తవో పాతవో చెప్పేస్తాడని పుకారు. అందులో సగం నిజం. అతను ఆ రెండు ఉదయాల రేడియో టేపులు పెట్టించుకుని విన్నాడు.

"ప్రాస తప్పింది సార్."

"తెలుగులో చెప్పవయ్యా."

"తెలుగే సార్. పద్యంలో నాలుగు పాదాలకీ రెండో అక్షరం ఒకటే ఉండాలి. ఇంజనీర్ పోయిన రోజు మూడు పాదాల్లో 'ల' ఉంది. రెండో పాదంలో మాత్రం 'డ' పడింది. పోయింది రెండో గేటు దగ్గర. డ్రాఫ్ట్స్‌మన్ రోజున మొదటి పాదం తప్పింది."

"ఎవడో చేతకానివాడు రాశాడేమో."

చెవి తప్పిన పాదాన్ని మళ్ళీ వినిపించాడు. 'కడలి కెరటాల కాళ్ళ కడియాలు కదిలె.' ప్రాస లేదు గానీ 'క' మీద 'క' వచ్చి అలలు ఒడ్డుని కొడుతున్నట్టే ఉంది. ప్రాస తప్పితే ఆ పాదానికి అనుప్రాసతో పరిహారం కట్టరా అని చెవికి చిన్నప్పుడు తొడపాశం పెట్టి నేర్పిన మనిషి ఒకాయన ఉన్నాడు.

"రాసింది మా మాస్టారు. చదివేది వెల్వెట్. తప్పిన అక్షరం మీద ఆవిడ కావాలని కాస్త ఆగుతోంది సార్."

చీఫ్ మొహం మాడిపోయింది. వెల్వెట్ గొంతంటే ఊరంతా చెవి కోసుకుంటుంది. ఆమె డిపార్ట్‌మెంట్ డబుల్ ఏజెంట్. శత్రువులకి తప్పుడు గేటు నంబర్లు అందించడానికి చీఫే ఏరికోరి పెట్టుకున్న మనిషి. ఏది దాచాలో తెలియాలని అసలు నంబరు కూడా ఆమెకి తనే చెబుతున్నాడు.

"ఋజువు తే," అన్నాడు చీఫ్ చివరికి. "రేపు డాక్టర్ మూడో గేటులోంచే వెళ్తాడు. అబద్ధం చెబితే పసిగడుతుంది, డాక్టర్ ఆఫీసులో దానికో మనిషి ఉన్నాడు. మనవాళ్ళు నాలుగో గేటు దగ్గర కాపేస్తారు. హంతకుణ్ణి అక్కడికి రప్పించే పూచీ నీది. ఇంకో మాట. మీ మాస్టారి కొడుకు శత్రువుల చెరలో ఉన్నాడని ఆయన నమ్మకం. నిజానికి వాడు చచ్చిపోయి చాన్నాళ్ళయింది. ముసలాయనకి చెప్పకు. ఆశ ఉన్నంతసేపే మన పని నడుస్తుంది."

చెవి వెళ్ళేసరికి మాస్టారింట్లో లోపలి గదిలో ఆయన భార్య దగ్గర కొడుకు గొంతుతో క్యాసెట్ తిరుగుతోంది. 'అమ్మా, బాగానే ఉన్నాను.' ఒక దగ్గు. 'వేళకి తిను.'

మాస్టారు ఏదీ దాచలేదు. పద్యాలు రాసిస్తున్నంతకాలం శత్రువులు కొడుకు క్యాసెట్లు పంపుతారు. రోజూ ఒకే పద్యాన్ని నాలుగు రకాలుగా, రకానికో పాదం ప్రాస తప్పేలా రాసిస్తాడు. మరుసటి రోజువి అప్పటికే వెల్వెట్ చేతికి అందాయి.

"నాలుగో పాదం తప్పిన రకం మీ గొంతుతో ఈ టేపు మీద చదవండి మాస్టారూ. రేపు సాయంత్రానికి మీ అబ్బాయి ఇంటికొస్తాడు."

మాస్టారు శిష్యుడి మొహంలోకి కాసేపు చూశాడు. ఏమీ అడగకుండా చదివేశాడు.

మర్నాడు చెవి పెట్టుడు మీసంతో, చెవులకి హెడ్‌ఫోన్లతో స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ కుర్చీలో కూర్చున్నాడు. లైవ్ అన్నది పేరుకే. నోరు జారితే కత్తిరించడానికి వీలుగా మాట కొన్ని సెకన్లు ఆలస్యంగా గాలిలోకి వెళ్తుంది. అద్దం అవతల వెల్వెట్ నవ్వింది, చదవడం మొదలుపెట్టింది. మొదటి పాదం శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. మూడో పాదంలో ప్రాస తప్పింది. ఆమె ఆ అక్షరం మీద తేనె పూసినట్టు ఆగింది.

చెవి స్విచ్ నొక్కాడు. వెల్వెట్ మూడో పాదం గదిలోనే ఆగిపోయింది. ఊళ్ళో రేడియోల్లోంచి మాస్టారి గొంతు పలికింది. మూడో పాదం ప్రాసతో వెళ్ళింది, నాలుగోది తప్పింది. వినేవాడికి కావలసింది తప్పిన పాదమే గానీ గొంతు కాదు. హంతకుడు నాలుగో గేటుకి పరిగెత్తి తూటాలకి ఎదురెళ్ళాడు. డాక్టర్ మూడో గేటులోంచి ఆవులిస్తూ వెళ్ళిపోయాడు. వెల్వెట్ తలుపు దాకా వచ్చింది, అక్కడ చీఫ్ నిలబడి ఉన్నాడు. ఆమెని బతికి ఉండగా మళ్ళీ ఎవరూ చూడలేదు.

సంకెళ్ళు వేస్తుంటే మాస్టారు మెల్లగా అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పేముందు ఊపిరి పీల్చుకుంటావురా. చిన్నప్పటినుంచీ అంతే."

"అబ్బాయి సంగతి మీకు తెలుసా?"

"ప్రతి క్యాసెట్లోనూ అదే దగ్గు. అతుకులేసిన ముక్కలు. నాకు తెలియదూ?"

"మరి ఎందుకు రాశారు? రెండు ప్రాణాలు పోయాయి."

"క్యాసెట్ వింటే మా ఆవిడ అన్నం తింటుంది," అన్నాడు మాస్టారు. "ఇంకొక్కటి చేయించి ఇవ్వరా."

చెవికి ఆయన్ని కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. టేపు రూములో కూర్చుని పాత క్యాసెట్ల ముక్కలన్నీ కొత్తగా అతికించాడు, దగ్గు చోటు కూడా మార్చాడు. పట్టుకెళ్ళి ఆవిడకి వినిపించాడు.

ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"దగ్గు చోటు మార్చావే. పాతవాళ్ళు ఇంత శ్రద్ధ పెట్టేవాళ్ళు కాదు."

చెవి మెషీన్ ఆపాడు.

"మొదటి క్యాసెట్‌కే తెలిసిపోయింది బాబూ. కన్నదాన్ని."

"మరి అన్నం..."

"నేను తినకపోతే ఆయన ముద్ద ముట్టరు. అందుకని తినేదాన్ని." ఆవిడ చీర కొంగు సర్దుకుంది. "ఆయన ఎప్పుడొస్తారు?"

మాస్టారికి ఉరి తప్పదని చీఫ్ పొద్దున్నే చెప్పాడు. చెవి ఊపిరి పీల్చుకున్నాడు.

"త్వరలోనే వచ్చేస్తారమ్మా."

ఆవిడ ఆ ఊపిరిని విన్నది. మెషీన్‌లోంచి క్యాసెట్ తీసి అతని చేతిలో పెట్టింది.

"తీసుకెళ్ళు. ఇంకెవరి తల్లికైనా పనికొస్తుంది."

చెవి తీసుకెళ్ళి టేపు రూములో అప్పగించాడు. డిపార్ట్‌మెంట్‌లో ఏదీ వృథా పోనివ్వరు.