జవాబు చెప్పని టీచరమ్మ

“వచ్చినవాడు మన తిండి పడక మనింట్లోనే హరీమంటే ఎవరికి చెప్పుకుంటామే?”

అతిథి ఎక్కిన రైలు ఇంకా ఊరు చేరనేలేదు. దుషాంక అప్పుడే అతని శవాన్ని సరిహద్దు దాటించే ఏర్పాట్లలో ఉంది. పీడకల రావడానికి ఆవిడకు నిద్రతో పనిలేదు.

“అతను ఇంగ్లీషు టీచరమ్మా, పాలు తాగే పిల్లాడు కాదు,” అంది కూతురు తియానా, అద్దం ముందు మూడోసారి జడ విప్పి అల్లుకుంటూ.

లోకంలో ఉన్న భయాలన్నీ పడే మనిషికి, ఆ జడ చూసి రావలసిన ఒక్క అనుమానం మాత్రం రాలేదు.

టీచర్ల మార్పిడి పథకం కింద తియానా వసంతంలో రెండు నెలలు ఎస్టోనియాలో పాఠాలు చెప్పి వచ్చింది. దానికి బదులుగా అక్కడి టీచరు తానెల్ ఇప్పుడు సెర్బియాలోని ఈ సోంబోర్ వస్తున్నాడు. ఇక్కడి బడిలో ఇంగ్లీషు ఉపాధ్యాయుల మహాసభ. మూడు రోజులూ వీళ్ళింట్లోనే మకాం.

వచ్చాడు. గడకర్రలాంటి మనిషి, తల వంచి గుమ్మం దాటాడు. దుషాంక పళ్లెంలో పుల్లచెర్రీల పాకం గిన్నె, చెంచాలు, మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళు ఒక చెంచాడు తిని, నీళ్ళు తాగి, చెంచా గ్లాసులో వేస్తారు. తానెల్ మాత్రం గిన్నెను ముందుకు లాక్కున్నాడు. వదిలేస్తే ఇంటావిడ నొచ్చుకుంటుంది అనుకున్నాడు కాబోలు, చెమటలు కక్కుతూ అడుగుదాకా గీకాడు.

“ఏమే, శీతాకాలం చుట్టాలందరికీ దాచిన పాకమే అది! ఆపమని చెప్పు, చక్కెర జబ్బొస్తుంది!”

“ఇప్పుడు ఆపమంటే ఏం బావుంటుందమ్మా?” తియానా నవ్వు దాచుకోవడానికి కిటికీవైపు తిరిగింది.

“బావుంది,” అన్నాడు తానెల్, వచ్చీరాని సెర్బియన్‌లో. భోజనాల దాకా మళ్ళీ నోరు విప్పలేదు.

“వీడు పిల్లల చేత మాట్లాడిస్తాడా? ముందు వీడి చేత ఎవరు మాట్లాడిస్తారు?” అంది దుషాంక.

మర్నాడు మహాసభ. చర్చాంశం, ‘టీచరు తక్కువ మాట్లాడాలి, విద్యార్థి ఎక్కువ మాట్లాడాలి’. దీని మీద అధ్యక్షుడి తొలిపలుకులు గంటా నలభై నిమిషాలు సాగాయి. వచ్చిన టీచర్లకు నోరు తెరిచే అవకాశం ఆవలింతల్లోనే దొరికింది. బడి వంటావిడ కాబట్టి దుషాంక జున్ను రొట్టెల పళ్లెంతో వెనక గోడవార నిలబడింది.

తానెల్ మైకు ముందుకొచ్చాడు.

“ప్రశ్న వేశాక టీచరు ఆగాలి,” అన్నాడు. ఆగి చూపించాడు.

మూడు క్షణాలు గడిచాయో లేదో, నలుగురు టీచర్లు దగ్గారు. అయిదో ఆయన జవాబు చెప్పేశాడు. తానెల్ ప్రశ్న ఇంకా అడగనేలేదు.

“ఎంతసేపు ఆగాలంటారు?” అన్నాడు అధ్యక్షుడు.

తానెల్ చెవులు ఎర్రబడ్డాయి. “నేను ఒకరిని అడిగి ఏప్రిల్ నుంచి ఆగుతున్నాను.”

హాలంతా పెన్నులు కదిలాయి. ‘ఆరు నెలలు’ అని రాసుకుని, కింద గీత కూడా గీసుకున్నారు.

“ఆ విద్యార్థిది ఏ తరగతి?”

“విద్యార్థి కాదు, టీచరు. మూడో వరసలో కూర్చుంది. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాను.”

పెన్నులు ఆగిపోయాయి. ఇంగ్లీషు రాని దుషాంక, పక్కనున్న గోర్దానా టీచరు మోచేయి పట్టుకు గుంజింది.

“ఏమైందే? ఎవరైనా పోయారా?”

“ఎవరూ పోలేదు పిన్నీ. మీ తియానాని పెళ్ళి చేసుకుంటావా అని ఏప్రిల్లోనే అడిగాట్ట. ఇది ఇప్పటికీ నోరు విప్పలేదుట.”

దుషాంక కళ్ళ ముందు మంచు, తోడేళ్ళు, పచ్చిచేపలు, అమ్మమ్మతో ఒక్క మాటైనా మాట్లాడలేని మనవలు.

తియానా వెనక్కి తిరిగి తల్లివైపు చూసింది. చిన్నప్పటి నుంచీ అంతే. ఎక్కడ నొప్పి అని డాక్టరు అడిగితే తల్లే చెప్పేది. కిందటేడు వచ్చిన సంబంధానికి, పిల్లను అడగకుండా, ‘కుదరదు’ అన్నదీ తల్లే. ఆర్నెల్ల మౌనం ఎవరికి భయపడో దుషాంకకు ఆ చూపులో అర్థమైంది. అర్థమైనా నాలుక ఊరుకోదే! ‘దానికి చలి పడదు’ అన్న మాట పెదాల దాకా వచ్చేసింది.

పళ్లెంలోంచి ఇంత రొట్టె ముక్క తీసి తన నోట్లోనే కుక్కుకుంది.

ఎవరూ దగ్గలేదు. నలభైమంది ఇంగ్లీషు టీచర్లు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊరికే ఆగారు. అధ్యక్షుడు గడియారం చూసుకుని, ఏదో అనబోయి మానుకున్నాడు. దుషాంక నమల్లేదు, మింగలేదు.

తియానా లేచి నిలబడింది. తల్లికీ అతనికీ అర్థమయ్యేలా, సెర్బియన్‌లోనే, మెల్లగా అంది:

“చేసుకుంటాను తానెల్. మీ ఊరొస్తాను. మా అమ్మ రోజూ ఫోన్లో ఏడుస్తుంది. ఇద్దరం వంతులేసుకుని విందాం.”