మూడో పాతర

"ఏమప్పో! పాతర మూతి మీద నీళ్ళు పోస్తాండావే! కండ్లు యాడ పెట్టుకున్నావు?"

ముఖం కడుక్కుంటున్న ఈశ్వరప్ప చేతిలోంచి చెంబు జారింది. ఎదురుగా కొంగు నడుముకు బిగించి ఒక పిల్ల నిలబడింది. ఇంత కోపంలోనూ అంత అందంగా ఉండటం ఏం న్యాయమో అతనికి అర్థం కాలేదు.

ఎనభై రెండులో వాన మొహం చాటేసింది. అనంతపురం ఆఫీసు నుంచి కరువు సర్వేకని గుమ్మఘట్ట దగ్గరి ఈ ఊరికొచ్చాడు ఈశ్వరప్ప. ఆరు నెలలకు సరిపడా గింజలుంటే ఊరు కదలక్కర్లేదు, లేకపోతే జనమంతా రాయదుర్గం క్యాంపుకు పోవాలి. ఇల్లిల్లూ తిరిగినా ఒక్క గాదె కనబడలేదు. మన సర్వే బాబు "నిల్వ: లేదు" అని రాసి పారేశాడు!

ఆ ఫారం చూసి పొద్దున తిట్టిన పిల్లే, తిప్పమ్మ, మళ్ళీ భగ్గుమంది.

"గింజలు ఇండ్లల్లో పెట్టుకునేది ఎలుకలకా? నీ కాళ్ళ కిందనే, పాతరలో ఉండాయి సామీ!"

మన్ను తవ్వి బండ జరిపారు. లోతైన గొయ్యి, అడుగున జొన్నలు. ఈశ్వరప్ప ఉత్సాహంగా టేపు పట్టుకుని లోపలికి కాలు పెట్టబోయాడు. తిప్పమ్మ చొక్కా పట్టి ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ మన్నులో పడ్డారు.

"సచ్చిపోతావు! ఇట్ల చూడు."

ఆమె తాడుకు దీపం కట్టి దించింది. నాలుగడుగులు దిగగానే అది ఆరిపోయింది.

"లోపల గాలి చెడి ఉంటాది. దీపం నిలిచేదాంకా ఎవరూ దిగరు."

ఈశ్వరప్ప టేపు చుట్టి పక్కన పెట్టాడు. ఏ బావి ముందు తోడాలో, ఏ ఇంటికి గింజలు ముందు కొలవాలో, ఎద్దులకు మేత యాడ దొరుకుతుందో ఆమె గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే, బి.ఏ. చదివిన తనకు ఇందులో సగం కూడా తెలియదని సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు కూడా బాగానే ఉంది.

సాయంత్రానికి దీపం నిలిచాక రెండు పాతరలు కొలిస్తే నాలుగు నెలల నిల్వే తేలింది.

"మీ పెరట్లో ఇంకొక పాతర ఉందే?" అన్నాడు ఈశ్వరప్ప. తిప్పమ్మ తల దించుకుని లోపలికి పోయింది.

"అది రాయొద్దప్పా," అన్నాడు ఆమె నాయన గంగప్ప. "రెండు నెలల గింజలుండాయి గానీ, బిడ్డ పెండ్లి విందుకని దాచినాం. ఊరంతా మాటిచ్చినారు, ముట్టుకోరు."

కలం ఆగిపోయింది. అది రాయకపోతే తెల్లారేసరికి ఊరంతా క్యాంపుకు బండ్లు కట్టాలి.

"పెండ్లికొడుకే విందు వద్దంటే?"

"అట్ల అనే పెండ్లికొడుకు యాడుండాడప్పా?"

"నేనంటాను," అన్నాడు ఈశ్వరప్ప. "తిప్పమ్మ ఒప్పుకుంటే."

గంగప్ప జవాబు చెప్పేలోపల తిప్పమ్మే బయటికొచ్చింది.

"పొద్దున తిట్లు తింటివి, మద్దేనం సావబోతివి, ఇప్పుడు పెండ్లంటావా?"

"నువ్వు లేకుంటే ఈపాటికి నేను లేను. నీలాంటి మనిషిని ఎక్కడా చూడలేదు. వదులుకుని పోలేను."

ఆమె నాయన వైపు చూసింది. ఆయన కళ్ళు తుడుచుకుని తలాడించాడు.

"ఊరు కదలకూడదు నాయనా. నా పెండ్లికి సంగటి ముద్ద చాలు," అని ఈశ్వరప్ప వైపు తిరిగింది. "ముందు ఆరు నెలలని రాయి. రాసినాక పోయి మీ నాయనను పిల్చుకొని రా."