మోచేతి మీద చుక్క

కెమిస్ట్‌ని కాల్చి చంపినప్పుడు అతని ఎడమచేతి చూపుడు వేలు మామూలుగానే ఉంది. రెండు రోజులు మార్చురీలో ఉన్నాక అదే వేలు గోరు దగ్గర్నుంచి కణుపు దాకా ఊదారంగుకి తిరిగింది. చచ్చినవాడు ఎప్పుడెళ్లి ఓటేసొచ్చాడని మార్చురీ అటెండర్ జోకేశాడు. ఆ జోకు పైవాళ్ల చెవిన పడి, ఫైలై, టాప్ సీక్రెట్ అని స్టాంపు వేయించుకుని, తెల్లారేసరికి చీఫ్ టేబుల్ మీదికి చేరింది. ఆ డిపార్ట్‌మెంట్‌లో జోకులకున్న వేగం వార్నింగులకి ఏనాడూ లేదు.

చీఫ్ గదికి కిటికీలు లేవు. మూడు టెలిఫోన్లు, ఒక ఏసీ, వెండి ఫ్రేములో ఆయన కుక్క టైగర్ ఫోటో. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌ని ఆఫీసులో అందరూ స్వర్గీయుడు అంటారు. ఈ సర్వీసులో చేరాలంటే ముందు రికార్డుల్లో చచ్చిపోవాలి. కొన్నేళ్ల కిందట ఒక పడవ ప్రమాదంలో అతను పద్ధతి ప్రకారం చచ్చిపోయాడు. ఉన్న ఒక్క అక్క గుండెలు బాదుకుని ఏడ్చింది. డిపార్ట్‌మెంట్ ఆ ఏడుపుని ఫోటో తీసి ఫైల్లో పెట్టుకుంది.

“పోలింగ్ ఎల్లుండి,” అన్నాడు చీఫ్. “ఈరోజు రాష్ట్రమంతా ఓటు ప్రతిజ్ఞ. వ్యాను వస్తుంది, పాట పెడతారు, జనం తడి ప్యాడ్ మీద ఎడమ చూపుడు వేలు నొక్కి, తప్పకుండా ఓటేస్తామని ఒట్టేస్తారు. స్పాన్సర్ ఒక విదేశీ ఫౌండేషన్. అది ఫౌండేషన్ కాదు, స్పై రింగ్. ప్యాడ్‌లో ఉన్నది ఈ కెమిస్ట్ వాళ్లకి తయారుచేసిన సిరా. పనవగానే వాళ్లే కాల్చేశారు. రెండు రోజులు కనిపించదు. తర్వాత పైకి తేలుతుంది. ఇక ఎంత రుద్దినా పోదు.”

స్వర్గీయుడికి మిగతాది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎల్లుండి జనం బూత్‌కి వెళ్లేసరికి వేళ్ల మీద చుక్క ఉంటుంది. నువ్వు వేసేశావు, ఇంటికి పో అంటారు. వ్యాన్ల రూట్ మ్యాప్ చూస్తే అన్నీ ఏటి ఒడ్డు కాలనీలు, రేవు కూలీల లైన్లు, గనుల పేటలు. కడుపు నిండినవాళ్ల వీధికి ఒక్క వ్యాను కూడా వెయ్యలేదు.

ఇప్పుడే ఆపేద్దామన్నాడు అతను. చీఫ్ తల అడ్డంగా ఊపాడు. ఆపితే రింగ్ లీడర్ ఎగిరిపోతాడు, నడవనివ్వమన్నాడు.

“పోలింగ్ రోజు పొద్దున్నే ఎలక్షన్ కంట్రోల్ రూమ్‌కి నేనొక ఫోన్ చేస్తా. వేలు చూడొద్దు, చుక్క ఇంకోచోట పెట్టండి అంటే అయిపోయింది. ఎమర్జెన్సీ పవర్. నా గొంతు, నా పాస్‌వర్డ్ చాలు. నువ్వు లీడర్ని పట్టుకో. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది.”

డబుల్ ఏజెంట్ అంటే ఊరంతా పోస్టర్లలో వేలు చూపిస్తూ నవ్వుతున్న మోడల్. సబ్బు నుంచి సిమెంటు దాకా అమ్మిన నవ్వు అది. ఈసారి ప్రజాస్వామ్యం అమ్ముతోంది.

ల్యాబ్‌వాళ్లు అతనికి రెండు గాడ్జెట్లు ఇచ్చారు. బూటు మడమలో దాచిన రంపం ఒకటి. నాలుక కింద పెట్టుకునే బొత్తాం సైజు వాయిస్ ఛేంజర్ ఇంకోటి. ఎవరి గొంతు కావాలంటే వాళ్ల గొంతు వస్తుందని గొప్పగా చెప్పారు. నిజానికి ట్రయల్స్ అన్నీ చీఫ్ ఉపన్యాసాలతోనే వేశారు కాబట్టి, ఎవరి గొంతు పెట్టినా చీఫ్ గొంతే వచ్చేది. ఆ సంగతి చీఫ్‌కి చెప్పే ధైర్యం ల్యాబ్‌లో ఎవరికీ లేదు.

ప్రతిజ్ఞ వ్యాను ఆగిన చోట దిగగానే స్వర్గీయుడు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. అది అద్దకం కాలనీ. అతను పుట్టిన చోటు. ఇప్పుడు నెరిసిన పెట్టుడు గడ్డం, నల్లకళ్లద్దాలు, భుజాన వైర్ల చుట్టతో మైక్ మెకానిక్ వేషం. సందుకి రెండు వైపులా రంగు తొట్లు పొగలు కక్కుతున్నాయి. తీగల మీద తడి బట్టలు బరువుగా వేలాడుతున్నాయి. మురిక్కాలవ ఎప్పటిలాగే ఒక పక్క నీలం, ఒక పక్క ఎరుపు పారుతోంది. కాలనీ ఖాళీ చేయమని గోడలకి నోటీసులు అంటించారు. ఏటి ఒడ్డున గిడ్డంగులు కడతారట.

క్యూలో ముందు వరసలోనే అక్క ఉంది. జుట్టు బాగా నెరిసింది. చేతులు మణికట్ల దాకా నీలంగా ఉన్నాయి. ఈ సీటుకి నిలబడిన టీచరమ్మ గెలిస్తేనే ఖాళీ చేయించడం ఆగుతుందని, మన ఓట్లు పడకపోతే పైనెలకి మనం ఇక్కడ ఉండమని వెనకావిడకి గట్టిగా చెబుతోంది. ఆ గొంతు వినగానే అతనికి ఆంప్లిఫయర్‌లో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చేతిలోని వైరు చివర పళ్లతో కొరుకుతూ ఉండిపోయాడు.

ఓటు గురించి అక్కకి ఎవరూ ప్రతిజ్ఞ చేయించక్కర్లేదు. ఒక ఎలక్షన్‌లో ఆమె నీలపు వేలు చూసి, ఆల్రెడీ ఓటేశావు పొమ్మన్నాడు ఆఫీసరు. రంగులో పని చేస్తామయ్యా అంటే వినలేదు. ఆ రోజంతా కాలనీ మొత్తాన్ని బూత్ ముందు కూర్చోబెట్టింది. చివరికి పైనుంచి ఆర్డరొచ్చింది, ఈ బూత్‌లో చుక్క మోచేతి మీద పెట్టమని. అక్కకి అన్నం క్యారియర్ తెచ్చింది తమ్ముడే. ఆ తర్వాత ఏడాదే అతను చచ్చిపోయాడు. ఈసారి కాలనీ బూత్‌ని ఎత్తేసి పెద్ద స్కూలు బూత్‌లో కలిపేశారు. అక్కడి స్టాఫంతా కొత్త.

అక్క వంతు వచ్చింది. వాలంటీరు అమ్మాయి తడి టిష్యూతో ఆమె వేలు తుడిచింది, నీలం పోలేదు. అక్క ప్యాడ్ వైపు చెయ్యి చాపి, ఎందుకో ఇటు తిరిగింది.

“తమ్ముడూ, ఆ మైకు కాస్త తగ్గించు. చెవులు పోతున్నాయి.”

ఎవరినైనా అలాగే పిలుస్తారు, అందులో ఏమీ లేదనుకున్నాడు. వద్దక్కా అన్న మాట గొంతు దాకా వచ్చింది. చీఫ్ ఫోన్ చేస్తాడు కదా అని మింగేశాడు. తలొంచుకుని వాల్యూమ్ తగ్గించాడు. అక్క వేలు ప్యాడ్ మీద నొక్కి, ఓటేస్తానని ఒట్టేసి వెళ్లిపోయింది.

వ్యాను వెనక మోడల్ అద్దంలో లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది.

“ఎండ మండిపోతోంది,” అన్నాడు అతను కోడ్ ప్రకారం.

“గొడుగు మా అత్తగారు లాక్కున్నారు,” అంది మోడల్. పోలింగ్ రోజు పొద్దున రేవు దగ్గర పాత ఐస్ ఫ్యాక్టరీకి రమ్మంది. లీడర్ పడవెక్కేది అక్కడేనట. పెర్ఫ్యూమ్ వాసన వదిలేసి కారెక్కింది.

పోలింగ్ రోజు ఐస్ ఫ్యాక్టరీలో లీడర్ లేడు, పడవ లేదు. అతను అదే మెకానిక్ వేషంలో లోపలికి అడుగుపెట్టగానే ఇనుప తలుపు వెనకనుంచి మూసుకుంది. తలుపుకున్న చిన్న జాలీలోంచి మోడల్ మొహం కనిపించింది. మొదటిసారి ఆమె నవ్వడం లేదు.

“కాల్చమన్నారు. నాకు చప్పుడు పడదు. సాయంత్రం పోలింగ్ అయ్యాక ఎవరో ఒకరు తీస్తారు, ఓపిక పట్టు.”

“నువ్వు మా మనిషివనుకున్నాను.”

“నేను మీ మనిషినే. అందుకే ఇక్కడున్నాను. రింగ్ లీడర్ ఎవరని కాదు, రింగ్‌ని అద్దెకి తెచ్చుకున్నది ఎవరని అడుగు. మీ చీఫ్ పొద్దున చేస్తానన్న ఫోన్ చేశాడేమో కనుక్కో.”

ఆమె మడమల చప్పుడు దూరమైంది. బయట వాచ్‌మన్ గదిలో రేడియో మోగుతూనే ఉంది. మొదట ప్రశాంతంగా పోలింగ్ అన్నారు. తర్వాత ఏటి ఒడ్డు బూత్‌లలో దొంగ ఓటర్లు అన్నారు. వేలి మీద చుక్కతోనే మళ్లీ ఓటుకి వస్తున్నారని, సిబ్బంది చాకచక్యంగా వెనక్కి పంపుతున్నారని అన్నారు. కిందటిసారి నుంచి ఈసారికి ఓటు కోసం ఆగినవాళ్లని, కూలి మానుకుని ఎండలో నిలబడ్డవాళ్లని దొంగలంటుంటే స్వర్గీయుడికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సగం తన మీదే. వ్యాను దగ్గర నోరు తెరిచి ఉంటే కనీసం ఒక్క వేలు మిగిలేది.

మడమ రంపం తలుపు బోల్టు మీద మొదటి గీతకే విరిగిపోయింది. ప్రభుత్వ టెండరు సరుకు. చివరికి పనికొచ్చింది ఐసు దిమ్మలు లాగే పాత కొక్కెం ఒక్కటే. దాంతో వెనక గోడలో పుచ్చిన చెక్కల్ని ఒక్కొక్కటే పీకుతూ బయటపడేసరికి పొద్దు వాలిపోయింది. అరచేతులు రెండూ నెత్తురు. వాచ్‌మన్ లేడు, అతనూ ఓటుకి పోయినట్టున్నాడు. టేబుల్ మీద ఫోన్ ఉంది. బూత్ గేట్లు మూసే వేళ దగ్గర పడింది.

బొత్తాం నాలుక కింద పెట్టుకుని నంబరు తిప్పాడు. “కంట్రోల్ రూమ్,” అంది అవతలి గొంతు.

“చీఫ్‌ని మాట్లాడుతున్నా. ఎమర్జెన్సీ.” గొంతు అచ్చంగా చీఫ్‌దే వచ్చింది, చివర ఆ విసుగుతో సహా.

“పాస్‌వర్డ్ చెప్పండి సార్.”

అది అతనికి ఎవరూ చెప్పలేదు. దేశరహస్యాలు కాపాడే మనిషి ఎలాంటి పాస్‌వర్డ్ పెట్టుకుంటాడు? అతనికి కిటికీల్లేని గది గుర్తొచ్చింది, టేబుల్ మీద వెండి ఫ్రేము గుర్తొచ్చింది.

“టైగర్,” అన్నాడు.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. “చెప్పండి సార్.”

“ఏ బూత్‌లోనూ వేలు చూడొద్దు. వెనక్కి పంపినవాళ్లని పిలవండి.”

“మరి చుక్క ఎక్కడ పెట్టమంటారు సార్?”

“ఎడమ మోచేతి మీద. అద్దకం కాలనీ బూత్‌కి పాత ఆర్డరుంది. అదే రాష్ట్రమంతా పంపండి. ఇప్పుడే.”

ఫోన్ పెట్టేసి పరుగెత్తాడు. గడ్డం ఎక్కడ ఊడిపోయిందో చూసుకోలేదు.

పెద్ద స్కూలు గేటు సగం మూసి ఉంది, మిగిలిన సగంలోంచి లోపలికి దూరాడు. పోలీసులకి రెండో రెక్క లాగడానికి వీల్లేదు. అడ్డంగా అక్క కూర్చుని ఉంది. లోపల గ్రౌండ్ నిండా జనం, ఎవరూ లేవడం లేదు. మూసేవేళకి కాంపౌండ్ లోపలున్న ప్రతివాళ్లకీ ఓటు వేసే హక్కుందని ఆమెకి తెలుసు. అందుకని వెనక్కి పంపిన వాళ్లందరినీ ఇంటికి పోనివ్వకుండా, పోయినవాళ్లని ఇళ్లకెళ్లి లాక్కొచ్చి మరీ కూర్చోబెట్టింది. ప్రతి చెయ్యీ పైకి లేచి ఉంది, ప్రతి వేలూ ఊదారంగు. ఆఫీసరు రబ్బరు స్టాంపులు సర్దేస్తూ గడియారం చూసుకుంటున్నాడు. గంట కొట్టడానికి అటెండర్ సుత్తి ఎత్తాడు. అప్పుడు లోపల ఫోన్ మోగింది.

ఆఫీసరు విన్నాడు, రెండుసార్లు మళ్లీ అడిగాడు, చెమట తుడుచుకున్నాడు. బయటికొచ్చి, అందరూ లైన్‌లో రండి, ఎడమ మోచేయి చూపించండి అన్నాడు.

లైను చీకటి పడేదాకా కదిలింది. అక్క అందరికన్నా చివర వేసి, మోచేతి చుక్క ఆరబెట్టుకుంటూ వచ్చి అతని ముందు ఆగింది. గడ్డం లేని మొహం వైపు కాసేపు చూసింది.

“మైకు దగ్గరే గుర్తుపట్టా. వైర్లు పళ్లతో కొరికే అలవాటు నీకు తప్ప ఎవరికుంది? పైకి పిలిస్తే నీకేం ముంచుకొస్తుందోనని ఊరుకున్నా. మరి నువ్వు? నేను ఆ ప్యాడ్ మీద వేలు పెడుతుంటే నువ్వెందుకు ఊరుకున్నావురా?”

అన్ని భాషల్లో అబద్ధం చెప్పడానికి ట్రెయినింగ్ తీసుకున్న మనిషి. ఇప్పుడు చేతులు వెనక్కి దాచుకోబోయాడు. అక్క అతని నెత్తుటి అరచేతులు చూసింది. కొంగుతో ఒకటి తుడిచి, రెండోది తుడవకుండా వదిలేసింది.

గోడ పక్కన కానిస్టేబుల్ ఫోన్‌లో వార్తలు చూస్తున్నాడు. ఆఖరి క్షణంలో చీఫ్ చేసిన ఒక్క ఫోన్ కాల్ ప్రజాస్వామ్యాన్ని కాపాడిందని చెబుతున్నారు. కాల్ రికార్డింగ్ కూడా వినిపించారు. చేయలేదని చెప్పుకునే వీల్లేక చీఫ్ పళ్లికిలిస్తూ దండలు వేయించుకుంటున్నాడు. పక్కన దండ అందిస్తున్నది మోడల్. పతకం ఖాయమట.

“పద, నువ్వూ వేసిరా,” అంది అక్క. “గేటు లోపలే ఉన్నావుగా.”

స్వర్గీయుడు లోపలికెళ్లాడు. ఇన్నేళ్లకి సొంత పేరు చెప్పుకోవడానికి నోరు తిరగక, రెండోసారికి గానీ సరిగ్గా చెప్పలేకపోయాడు. క్లర్కు జాబితాలో పేరు దొరకబుచ్చుకుని, దాని కింద స్కేలు పెట్టి, అతని మొహంలోకి జాలిగా చూశాడు.

“ఈయన చనిపోయారండీ. రికార్డు ప్రకారం అంతకుముందు ప్రతి ఎలక్షన్‌కీ వచ్చి వేసేవారు, పోయాక కూడా మానలేదు. ఈసారి కూడా పొద్దున్నే వేసేసి వెళ్లారు.”